స్టార్ వార్స్ డిస్నీ చేతిలో బాగుపడిందా, చెడిందా? తేదీలతో, అంకెలతో మాట్లాడండి

తొమ్మిదో_రీలు

"డిస్నీ కొని నాశనం చేసింది", "డిస్నీ కొనకపోతే సినిమాలే లేవు". పదేళ్ళుగా ఈ రెండు మాటలే అటూ ఇటూ విసురుకుంటున్నాం. ఇక్కడ అవి వద్దు. కొన్నాక తీసుకున్న ఏ నిర్ణయం వల్ల ఏం జరిగిందో తేదీ, అంకె పెట్టి రాయగలిగితే రాయండి.

అందరికీ తెలిసిన సంగతి మళ్ళీ ఒకసారి. స్టార్ వార్స్ సినిమాలు తీసే లూకాస్‌ఫిల్మ్ కంపెనీని డిస్నీ కొంటోందని 2012 అక్టోబరు 30న ప్రకటన వచ్చింది. ధర 405 కోట్ల డాలర్లు, దాదాపు సగం నగదు, మిగతాది డిస్నీ షేర్లు. లూకాస్‌ఫిల్మ్‌కి స్టార్ వార్స్ సృష్టికర్త జార్జ్ లూకాస్ ఒక్కడే వాటాదారు కాబట్టి బేరం ఒక్క మనిషితో తేలిపోయింది. ఆ ధరలో సినిమాలతోపాటు విజువల్ ఎఫెక్ట్స్ చేసే ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ (ఐఎల్‌ఎం), శబ్దం పని చూసే స్కైవాకర్ సౌండ్, ఆటల విభాగం లూకాస్‌ఆర్ట్స్ కూడా వచ్చాయి.

నా వాదన: దెబ్బకొట్టింది క్యాలెండరు. లూకాస్ హయాంలో సినిమాకీ సినిమాకీ మూడేళ్ళు: 1977, 1980, 1983. తర్వాత 1999, 2002, 2005. డిస్నీ హయాంలో 2015 డిసెంబరు నుంచి 2019 డిసెంబరు దాకా నాలుగేళ్ళలో ఐదు సినిమాలు. కథ తయారయ్యాక తేదీ వేయలేదు. తేదీ వేసి దానికి కథ వెతుక్కున్నారు.

లెక్కల_పంతులు

క్యాలెండరు ఆకాశం నుంచి ఊడిపడలేదు కదండీ, ధరలోంచి పుట్టింది. ప్రపంచవ్యాప్త వసూళ్ళు, కోట్ల డాలర్లలో, దగ్గరి అంకెకు:

ఫోర్స్ అవేకెన్స్ (2015) – 207
రోగ్ వన్ (2016) – 106
లాస్ట్ జెడై (2017) – 133
సోలో (2018) – 39
రైజ్ ఆఫ్ స్కైవాకర్ (2019) – 108

మొత్తం 593. ఇది చూపించి "ధర ఎప్పుడో రాబట్టుకున్నారు" అనేవాళ్ళు చాలామంది. టికెట్ డబ్బులో స్టూడియో చేతికొచ్చేది స్థూలంగా సగం, అంటే 300 కోట్ల లోపు. అందులోంచి ఐదు సినిమాల నిర్మాణ ఖర్చు, ప్రచారం ఖర్చు తీసేయండి. టికెట్ల మీదే 405 తిరిగి రాలేదు. బొమ్మలు, లైసెన్సులు, థీమ్ పార్కులు, స్ట్రీమింగ్ కలిస్తేనే బేరం గిట్టుబాటు. ఆ నాలుగూ కదలాలంటే ఏటా తెరమీద ఏదో ఒకటి ఉండాలి. బొమ్మల కంపెనీకి తేదీ ముందే కావాలి, ఎందుకంటే అచ్చులు పోసి సరుకు దుకాణాల్లోకి చేరడానికే నెలలు పడుతుంది. స్క్రిప్టు సిద్ధం కాలేదని తేదీ జరిపితే అక్కడ అంతా ఆగిపోతుంది. 1977–83లో ఆ మూడేళ్ళ విరామం ఇవ్వగలిగింది ఎందుకంటే రెండో సినిమా నుంచి లూకాస్ సొంత పూచీ మీద డబ్బు తెచ్చుకున్నాడు, వాటాదారులకు మూణ్ణెల్లకోసారి జవాబు చెప్పే పని లేదు.

హాన్‌దే_మొదటి_తూటా

> నాలుగేళ్ళలో ఐదు సినిమాలు

సంఖ్యకన్నా ఖాళీ తక్కువైంది అసలు సమస్య. లాస్ట్ జెడై 2017 డిసెంబరు 15, సోలో 2018 మే 25. మధ్యలో 23 వారాలు. పైగా సోలోకి నాలుగు వారాల ముందు, ఏప్రిల్ 27న, అదే కంపెనీ తన మార్వెల్ సినిమా ఇన్ఫినిటీ వార్ దించింది. వారం ముందు డెడ్‌పూల్ 2. దర్శకులు లార్డ్, మిల్లర్‌లను 2017 జూన్‌లో షూటింగ్ చివర్లో తీసేసి రాన్ హోవర్డ్‌ని పెట్టారు, సినిమాలో చాలా భాగం మళ్ళీ తీశారు. అంత జరిగినా విడుదల తేదీ ఒక్కరోజు కూడా జరపలేదు! అదే డిసెంబరుకి తోసి ఉంటే? మిగతా నాలుగూ డిసెంబరు సినిమాలే, నాలుగూ వంద కోట్లు దాటాయి. 2018 సెప్టెంబరులో అప్పటి డిస్నీ సీఈఓ బాబ్ ఐగర్ స్వయంగా ఒప్పుకున్నాడు, మరీ ఎక్కువ, మరీ తొందరగా వచ్చాయని, ఆ తప్పు తనదేనని.

వెండితెర_వెనక

మీరంతా విడుదల తేదీల దగ్గరే ఉన్నారు. స్క్రిప్టు టేబుల్ చూడండి. ఫోర్స్ అవేకెన్స్‌కి మైకేల్ ఆర్న్‌ట్ రాస్తుండగా 2013 అక్టోబరులో అతను తప్పుకున్నాడు, దర్శకుడు ఏబ్రమ్స్, రచయిత కాస్డన్ కలం పట్టారు. ఒకే కథగా సాగాల్సిన 2015, 2017, 2019 మూడు సినిమాలకూ కలిపి కథ గీత ఒకటి గీయలేదు. రెండోది దాని దర్శకుడు రయాన్ జాన్సన్ తన దారిలో రాసుకున్నాడు. మూడోదాని నుంచి దర్శకుడు కాలిన్ ట్రెవరో 2017 సెప్టెంబరులో బయటికి, ఏబ్రమ్స్ మళ్ళీ లోపలికి. విడుదల 2019 మే 24 నుంచి డిసెంబరు 20కి జరిగింది, అంతే. ఏడు నెలలు దొరికాయి. మొత్తం తొమ్మిది సినిమాల కథకి ముగింపు రాయడానికి.

లూకాస్ తన దగ్గరున్న కథ రూపురేఖలు కూడా అమ్మకంలో ఇచ్చాడు. వాటిని వాడాలన్న షరతు మాత్రం ఒప్పందంలో లేదు. కథ వేరే దారి పట్టిందని తెలిశాక లూకాస్ బాధపడ్డాడని ఐగర్ తన ఆత్మకథలో రాశాడు. ఇలాంటి బేరాల్లో అభిమానులు చూడాల్సింది ఇదే: సృష్టికర్తకు "సంప్రదింపు" అని రాస్తారు, "అనుమతి" అని రాయరు. సంప్రదింపు అంటే ఫోన్ చేసి చెప్పడం.

గ్రీడో_బాబాయి

మరి మంచి ఏమీ జరగలేదా? లూకాస్ చేతిలోనే ఉంటే ఏం వచ్చేది? అండర్‌వరల్డ్ అనే టీవీ సీరీస్‌కి సుమారు 50 స్క్రిప్టులు రాయించి, ఖర్చు అందదని అటకెక్కించాడు. దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు.

వెండితెర_వెనక

బాబాయి సరిగ్గా పట్టుకున్నారు. అక్కడే కొత్త యజమాని వల్ల జరిగిన నిజమైన మేలు ఉంది. అండర్‌వరల్డ్ ఆగింది డబ్బొక్కటీ లేక కాదు, టీవీ ఖర్చులో గ్రహాలు చూపించే పద్ధతి లేక. 2019 నవంబరు 12న డిస్నీ ప్లస్ మొదలైన రోజే మాండలోరియన్ సీరీస్ వచ్చింది. దాని వెనక ఐఎల్‌ఎం వాళ్ళ స్టేజ్‌క్రాఫ్ట్ ఉంది. 20 అడుగుల ఎత్తు, 270 డిగ్రీలు తిరిగే ఎల్‌ఈడీ గోడ, 75 అడుగుల వ్యాసం, 1,326 ప్యానెళ్ళు, చుక్కకీ చుక్కకీ మధ్య 2.84 మిల్లీమీటర్లు. పైకప్పు కూడా ఎల్‌ఈడీయే. కెమెరా కదలికను సెన్సర్లు పట్టుకుంటాయి, దానికి తగ్గట్టు గోడమీది దృశ్యాన్ని మొదటి సీజన్‌లో వీడియో ఆటలకు వాడే అన్‌రియల్ ఇంజిన్ సాఫ్ట్‌వేరు మార్చింది. మాండలోరియన్ కవచం అద్దంలా మెరుస్తుంది కదా, గ్రీన్ స్క్రీన్ ముందు తీస్తే ఆ పచ్చదనమంతా కవచంలో కనిపించేది. ఎల్‌ఈడీ గోడ దగ్గర కవచంలో ఎడారే కనిపిస్తుంది. ఇంత పెట్టుబడి ఒక్క సినిమా మీద గిట్టదు. వరసగా సీరీస్‌లు తీసే స్ట్రీమింగ్ సంస్థే యజమాని అయితే ఆ ఖర్చు పంచుకోవచ్చు.

ఇక ఇందులో ఎక్కడ బెడిసికొడుతుందో చెప్తాను, ఎందుకంటే "అన్నీ ఒకేలా ఉంటున్నాయి" అనే ఫిర్యాదుకు మూలం ఇక్కడుంది.

ఒకటి, మోయిరే. ఫోకస్ గోడమీద పడితే ఎల్‌ఈడీ చుక్కలు, సెన్సర్ చుక్కలు కలిసి అలలు అలలుగా గీతలొస్తాయి. అందుకని పెద్ద సెన్సర్ కెమెరా పెట్టి, ఫోకస్ లోతు తగ్గించి, నటుల్ని గోడకి దూరంగా నిలబెడతారు. అలా అందరూ మధ్యలోకి చేరతారు. 75 అడుగుల వృత్తంలో పరుగెత్తడానికి చోటెక్కడ? పాత్రలు నడుస్తాయి, ఆగుతాయి, మాట్లాడతాయి.

రెండు, వెలుతురు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం డయోడ్ల కలయికలో కొన్ని రంగుల తరంగాలు పలచగా ఉంటాయి, చర్మం రంగు తేడా కొడుతుంది. పైగా ఈ ప్యానెళ్ళ నుంచి వచ్చేది పరుచుకున్న మెత్తటి వెలుగు. మిట్టమధ్యాహ్నపు ఎండలా గట్టి నీడ పడాలంటే విడిగా లైటు పెట్టాలి, ఆ లైటు గోడమీద పడితే దృశ్యం వెలిసిపోతుంది. అందుకే ఇందులో సాయంత్రాలు, మబ్బు రోజులే ఎక్కువ.

మూడు, ఆలస్యం. కెమెరా తిరిగాక గోడ మారడానికి కొన్ని ఫ్రేములు పడుతుంది. వేగంగా పాన్ చేస్తే అంచులో పాత దృశ్యం దొరికిపోతుంది.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: నేపథ్యం షూటింగుకు ముందే పూర్తవ్వాలి. ఎడిటింగులో "ఇక్కడ కొండ కాదు, ఊరు ఉండాలి" అనిపిస్తే మార్చుకోవడానికి గ్రీన్ స్క్రీనంత వీలుండదు. స్క్రిప్టు చివరి నిమిషం దాకా తేలకపోతే ఈ పద్ధతి సాయం చేయదు, ఇరికిస్తుంది. మరో స్టార్ వార్స్ సీరీస్ ఆండోర్‌కి కట్టిన సెట్లు, నిజమైన లొకేషన్లు ఎంచుకున్నారు, తేడా మీకే తెలుసు.

లెక్కల_పంతులు

ఆండోర్ పేరు తెచ్చారు కాబట్టి: ఐదు సీజన్లు అనుకున్నది రెండుకి కుదించారు, 24 ఎపిసోడ్లు. 2022 సెప్టెంబరులో మొదలు, 2025లో ముగింపు. కుదించడం కార్పొరేట్ కత్తెర అనుకుంటారు, కానీ ఐదేళ్ళు అలా తీయడం తమవల్ల కాదని కుదించింది తీస్తున్నవాళ్ళే. రెండో సీజన్‌లో మూడేసి ఎపిసోడ్లు ఒక్కో ఏడాది. ముగింపు ముందే తెలిసి రాసిన కథ కాబట్టి నిలబడింది. ఈ యజమాని దగ్గరే ఇదీ వచ్చింది, రైజ్ ఆఫ్ స్కైవాకరూ వచ్చింది.

ప్రింటుపెట్టె

హక్కుల ముడి గురించి ఎవరూ మాట్లాడలేదు. డిస్నీ 2012లో కొన్నప్పుడు పాత ఆరు సినిమాల పంపిణీ హక్కులు దాని చేతికి రాలేదు. మొదటి సినిమా, అంటే 1977ది, ఫాక్స్ స్టూడియోకి శాశ్వతంగా. మిగతా ఐదు 2020 మే దాకా ఫాక్స్‌వే. అంటే ఆరేళ్ళకు పైగా కొత్త సినిమాలు ఒకరివి, పాత సినిమాల డిస్కులు ఇంకొకరివి. మొత్తం కలిపి ఒక పెట్టెగా అమ్మడానికి వీల్లేదు. ముడి విడింది 2019 మార్చిలో, 7,130 కోట్ల డాలర్లతో డిస్నీ ఆ ఫాక్స్‌నే కొనేసినప్పుడు. తొమ్మిది సినిమాల 4కె పెట్టె 2020 మార్చి 31న వచ్చింది. చూసేవాడికి అది కచ్చితంగా లాభమే.

1977 నాటి థియేటర్ వెర్షన్ దాచిపెట్టిన పాపం డిస్నీది కాదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి. 1997 స్పెషల్ ఎడిషన్ కోసం అసలు నెగటివ్‌నే కోసి మార్పులు అతికించారు. అప్పటి యజమాని లూకాస్. 2006లో థియేటర్ వెర్షన్లు డీవీడీగా ఇచ్చారు గానీ తెర మొత్తానికి సరిపడని తక్కువ నాణ్యతతో.

గ్రీడో_బాబాయి

2019లో నా నోట్లో, అంటే 1977 సినిమాలోని గ్రీడో పాత్ర నోట్లో, "మాక్లంకీ" అనే మాట పెట్టింది ఎవరు మరి?

హాన్‌దే_మొదటి_తూటా

అదీ లూకాసే. అమ్మకానికి ముందే చేసిపెట్టిన మార్పు, డిస్నీ ప్లస్ మొదలైన రోజు బయటపడింది.

దుమ్ము_ఫ్రేము

ప్రింటుపెట్టె గారూ, 1977 థియేటర్ వెర్షన్‌ని పాత ప్రింట్ల నుంచి అభిమానులు తిరిగి తయారుచేసిన 4కె77 లాంటిది కంపెనీ చేయాలంటే పని ఎంత ఉంటుంది? నెగటివ్ లేకపోతే ప్రింటు నుంచి సాధ్యమేనా?

ప్రింటుపెట్టె

సాధ్యమే, కానీ ఏ ప్రింటు అన్నది ముఖ్యం. లెక్క చూడండి. సినిమా 121 నిమిషాలు. సెకనుకి 24 ఫ్రేములు అంటే 1,74,240 ఫ్రేములు. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, మొత్తం దాదాపు 10,900 అడుగులు. 2,000 అడుగుల రీళ్ళయితే ఆరు.

ఆ కాలపు మామూలు ఈస్ట్‌మన్ ప్రింట్లలో నీలిఛాయ ఇచ్చే సయాన్ రంగు ముందు పోతుంది, ఎరుపు మిగిలి గులాబీ తిరుగుతాయి. టెక్నికలర్ డై ట్రాన్స్‌ఫర్ (రంగుల్ని ఒక్కొక్కటిగా ఫిల్ము మీద అచ్చువేసే పద్ధతి) ప్రింటు అలా వెలిసిపోదు. లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (బీఎఫ్‌ఐ) 2025 జూన్‌లో వేసింది అలాంటి 1977 ప్రింటే. పని వరస: ముందు శుభ్రం చేయడం, ఫిల్ము ఎంత కుంచించుకుపోయిందో కొలవడం, తడి గేటు స్కానింగ్ (ద్రవం గీతల్లో నిండి అవి కనపడకుండా పోతాయి), తర్వాత రీలు రీలుకి రంగు సరిచూడడం. రీళ్ళ చివర్లలో అరుగుదల ఎక్కువ, ఆ ఫ్రేములకి రెండో ప్రింటు కావాలి. ప్రింటు నెగటివ్‌కి కొన్ని తరాల దూరంలో ఉంటుంది కాబట్టి నీడల్లో వివరం పోతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. కంపెనీ చేతిలో ఉన్న లాభం అక్కడే: కోసిన నెగటివ్, మధ్యంతర కాపీలు వాళ్ళ భాండాగారంలోనే ఉంటాయి. మార్చని షాట్లు నెగటివ్ నుంచి, మార్చినవి కాపీల నుంచి తీసి కలపొచ్చు. థియేటర్ వెర్షన్‌ని పునరుద్ధరించి 50వ ఏడాదికి, 2027లో వెండితెరకి తెస్తామని లూకాస్‌ఫిల్మ్ ప్రకటించింది కూడా. సొంతదారు మారకపోతే ఇది జరిగేదని నేననుకోను.

తొమ్మిదో_రీలు

ఇది నేను ఒప్పుకోవాల్సిన పాయింటే. కానీ కోల్పోయినవి కూడా రాయాలి. 2013 ఏప్రిల్ 3న లూకాస్‌ఆర్ట్స్ ఆటల తయారీ మూత, వాళ్ళు చేస్తున్న 1313 అనే ఆట రద్దు. మే నెలలో ఈఏ అనే ఆటల కంపెనీ ఒక్కదానికే ప్రత్యేక లైసెన్సు. ఒక్కరికే ఇచ్చినప్పుడు ఏమవుతుందంటే, ఆ ఒక్కరి లాభాల లెక్క మారితే మొత్తం ఆగిపోతుంది. 2017 అక్టోబరులో ఈఏ వాళ్ళ విసరల్ స్టూడియోతోపాటు వాళ్ళు చేస్తున్న ఆట పోయింది. నవంబరులో బ్యాటిల్‌ఫ్రంట్ 2 ఆటలో లూట్ పెట్టెల (లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెలు) గొడవ, విడుదల ముందురోజు డబ్బు చెల్లింపులు ఆపేశారు. 2021లో యుబిసాఫ్ట్‌తో ఆట ప్రకటించాకే ఆ తలుపు తెరుచుకుంది.

థియేటర్ల సంగతీ అంతే. లాస్ట్ జెడైకి అమెరికా థియేటర్లను టికెట్ ఆదాయంలో 65 శాతం, అతిపెద్ద తెరమీద నాలుగు వారాలు అడిగారని, షరతు తప్పితే మరో 5 శాతం అన్నారని అప్పట్లో వార్త. పది తెరల మల్టీప్లెక్స్‌కి ఇది సర్దుబాటు. ఒకే తెర ఉన్న హాలుకి నాలుగో వారంలో ఖాళీ కుర్చీలకి సినిమా వేయడమే.

కాంట్రాక్టు_పురుగు

రచయితల మాట ఎవరూ ఎత్తరేం? 2020 నవంబరులో అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం బయటపెట్టింది: మొదటి సినిమా నవలారూపం రాసిన ఆలన్ డీన్ ఫాస్టర్‌కి రాయల్టీలు ఆగిపోయాయి. హక్కులు కొన్నాంగానీ బాధ్యతలు కొనలేదన్నది కంపెనీ వాదనగా సంఘం చెప్పింది. తర్వాత ఆయనతో వ్యవహారం తేలింది. కంపెనీ షేర్లు కొంటే అప్పులూ ఒప్పందాలూ వెంటే వస్తాయి. ఆస్తులు మాత్రమే ఏరుకుని కొంటే ఏవి వచ్చాయన్నది వాదనకి తావిస్తుంది. చేతులు మారే ప్రతిసారీ పాత రచయిత చేయాల్సిన పని: ఒప్పందం, ఆఖరి రాయల్టీ లెక్క రెండూ జతచేసి కొత్త యజమానికి రాతపూర్వకంగా నోటీసు పంపడం. ఊరుకుంటే ఎవరూ వెతుక్కుంటూ రారు.

ఇంకోటి. యజమాని మారడం ఒక్కసారి జరిగితే గొడవ. పదేపదే జరిగితే టెర్మినేటర్. దాని హక్కులు హెమ్‌డేల్, కారోల్కో, ఆ తర్వాత 2007లో హాల్సియన్, అది దివాలా తీస్తే 2010 వేలంలో పసిఫికార్ 2.95 కోట్ల డాలర్లకి, 2011లో ఎలిసన్ కుటుంబం చేతికి. 2009, 2015, 2019 సినిమాలు మూడూ "కొత్త మూడు భాగాల్లో మొదటిది" అని మొదలై మొదటిదానితోనే ఆగాయి. కొత్తగా కొన్నవాడు పాతవాడి కథ కొనసాగించడు, తనదంటూ మొదలుపెడతాడు. స్టార్ వార్స్‌కి కనీసం ఆ గతి పట్టలేదు.

దుమ్ము_ఫ్రేము

అయితే స్టార్ ట్రెక్? 2025 ఆగస్టు 7న దాని యజమాని పారమౌంట్, స్కైడ్యాన్స్ అనే నిర్మాణ సంస్థతో కలిసింది కదా. అక్కడ ఏం గమనించాలి?

కాంట్రాక్టు_పురుగు

దానికి పాత గాయం ఉంది. 2005 చివర్లో వయాకామ్ రెండుగా చీలినప్పుడు సినిమాలు పారమౌంట్‌కి, టీవీ సీబీఎస్‌కి పోయాయి. 2019 డిసెంబరులో మళ్ళీ కలిసేదాకా ఒకే విశ్వానికి ఇద్దరు యజమానులు. 2005 మేలో ఎంటర్‌ప్రైజ్ సీరీస్ ముగిశాక తర్వాతి సీరీస్ డిస్కవరీ 2017 సెప్టెంబరులో గానీ రాలేదు. ఇప్పుడు హక్కులు ఒక్క చోట ఉన్నాయి, అది మంచి మొదలు. పైగా స్కైడ్యాన్స్ కొత్త చుట్టం కాదు, 2013, 2016 సినిమాల్లో భాగస్వామి.

చూడాల్సినవి: ప్రకటనలో తేదీ ముందుందా, రచయిత పేరు ముందుందా. దర్శకుణ్ణి ప్రకటించి, స్క్రిప్టు లేకుండా విడుదల తేదీ వేస్తే జాగ్రత్త పడండి. స్టార్ వార్స్ సినిమా రోగ్ స్క్వాడ్రన్‌కి 2020 డిసెంబరులో ప్రకటన, 2023 డిసెంబరు 22 తేదీ, 2022 సెప్టెంబరులో పట్టికలోంచి తొలగింపు.

లెక్కల_పంతులు

దానికి ఒకటి కలుపుతా. కలయిక తర్వాత వచ్చే మొదటి ఏడాది లెక్కల్లో "కంటెంట్ విలువ తగ్గింపు" అనే పద్దు చూడండి. డిస్నీ 2023లో సుమారు 150 కోట్ల డాలర్లు అలా రాసేసింది. అప్పుడే లూకాస్‌ఫిల్మ్ వాళ్ళదే విల్లో సీరీస్ మొదలైన ఆరు నెలలకే డిస్నీ ప్లస్ నుంచి మాయమైంది. అదే ఏడాది జూన్‌లో స్టార్ ట్రెక్ ప్రాడిజీని పారమౌంట్ ప్లస్ తీసేసింది, నెట్‌ఫ్లిక్స్ తీసుకోబట్టి రెండో సీజన్ 2024లో వెలుగు చూసింది. తమ సొంత సరుకుని తమ సొంత వేదిక మీంచే తీసేస్తారు. కాబట్టి నచ్చిన సీరీస్‌కి డిస్కు వచ్చినప్పుడే కొనిపెట్టుకోండి, రెండో ముద్రణ ఉంటుందన్న హామీ లేదు.

గ్రీడో_బాబాయి

విల్లోకి డిస్కు ఉందా?

లెక్కల_పంతులు

1988 సినిమాకి ఉంది. సీరీస్ సంగతే నేను చెప్తున్నది.